చేతిపట్టు పెరగడానికి గుప్పిట్లో నొక్కే స్ప్రింగ్ గ్రిప్పరా, మెత్తని బంతా?

ఒళ్లంతా ఎడతెగని నొప్పి, అలసట తెచ్చే ఫైబ్రోమయాల్జియా వల్ల బిందె ఎత్తలేక, తడిబట్ట పిండలేక అవస్థపడే మా ఒడిశా పర్లాకిమిడి తెలుగువారికి తరచూ వచ్చే సందేహమిది.

ఖర్చు: రెండూ భారం కావు, బంతికి బదులు చుట్టిన పాత మేజోడైనా చాలు.

శ్రమ: మామూలు గ్రిప్పర్ బిగువు మన ఓపికను బట్టి తగ్గదు, బంతిని గోరువెచ్చని నీటిలోనైనా మెల్లగా నొక్కవచ్చు.

ప్రమాదం: ఈ జబ్బులో నొప్పి సంకేతాలను మెదడు, వెన్నుపాము పెంచి చూపుతాయి కనుక, ఒకనాటి అత్యుత్సాహానికి మరునాడు చెయ్యి మూల్యం చెల్లిస్తుంది. ఈ జబ్బుపై 2016 నాటి యూరోపియన్ కీళ్లవైద్య సంఘం సిఫారసులు గట్టిగా సమర్థించినది వ్యాయామాన్నే అయినా, మోతాదు మెల్లగా పెంచడమే క్షేమమని నా అభిప్రాయం.

ఎవరికి ఏది: కొత్తవారికి, నొప్పి రేగిన రోజులకు బంతి, కొన్ని వారాలు నొప్పి పెరగకుండా నెట్టుకొచ్చినవారికి బిగువు మార్చుకొనే గ్రిప్పర్. వేళ్ల కీళ్లు వాచి, ఉదయం చాలాసేపు బిగుసుకుంటే రెండూ పక్కనపెట్టి, బరంపురమో శ్రీకాకుళమో వెళ్లి కీళ్లవాతం ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.