సంతకం ఉన్న చిత్రం, సంతకం లేని చీర

మరుగునపడ్డ కళాకారిణుల గురించి నల్లగొండ ఆడపిల్లలకు చెప్పాలంటే ఎవరితో మొదలుపెట్టాలి? పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారిణి జూడిత్ లేస్టర్‌తోనా, పోచంపల్లి చీరలకు ఆసు పోసిన (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టిన) అమ్మలతోనా?

లేస్టర్ 1633లో నెదర్లాండ్స్‌లోని హార్లెం నగర చిత్రకారుల సంఘంలో చేరింది. తర్వాత ఆమె చిత్రాలు అదే ఊరి చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరిట చెలామణి అయ్యాయి. 1893లో ఒక చిత్రంపై ఆమె గుర్తు బయటపడింది: జె, ఎల్ అక్షరాలు, పక్కన చిన్న నక్షత్రం. పోయిన పేరు తిరిగి వచ్చింది.

చీరకు ఆ అవకాశమే లేదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి; సాయంత్రానికి భుజం పట్టేసేది. తల్లి కష్టం చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు. చీర అంచున మాత్రం ఆసు పోసినవారి పేరు ఉండదు.

నేనైతే చీరతోనే మొదలుపెడతాను. ఆ భుజం నొప్పి మా పిల్లల్లో కొందరికి ఇంట్లో చూసినదే.