ఊరు కాని ఊళ్లో జాజ్ వెతుక్కోవడం: పన్నెండేళ్లు వాడి చూశాక

మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల పని చూస్తాను. ఒక ఏడాది జర్మనీలోని కొలోన్‌లో అనూగా, మరుసటి ఏడాది పారిస్‌లో సియాల్, మధ్యలో వీలైతే టోక్యోలో ఫుడెక్స్, ఇట్లా 2013 నుంచి ఆహార ప్రదర్శనలకు తిరుగుతూనే ఉన్నాను. పగలంతా స్టాల్లో నిలబడి తోతాపురి గుజ్జు గురించి చెప్పి చెప్పి గొంతు పోతుంది. సాయంత్రాలు మాత్రం నావి. జాజ్ రికార్డులు అమ్మే షాపులు, జాజ్ ఎదురుగా కూర్చుని వినే చోట్లు వెతుక్కోవడానికే ఆ సాయంత్రాలన్నీ పోతాయి. కొత్త ఊళ్లో, భాష రాకుండా, ఉండేదే నాలుగు రోజులైతే అవి ఎట్లా దొరుకుతాయని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. ఫోన్లో మ్యాపు, రికార్డులు కొని అమ్ముకునే డిస్కాగ్స్ అనే వెబ్‌సైటు, ఇన్‌స్టాగ్రామ్, షాపు కౌంటర్ దగ్గరి మనిషి, ఈ నాలుగింటినీ ఇన్నేళ్లు వాడాను కాబట్టి ఏది పనికొచ్చిందో, ఏది దెబ్బతీసిందో చెప్తాను.

ముందు ఒక మాట. నాకు జాజ్ పిచ్చి పట్టింది శాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ క్యాసెట్ వల్ల. మా నాన్న తిరుపతి నుంచి తెచ్చాడు. నాదస్వరం వినిపించాల్సిన చోట శాక్సోఫోన్ వినిపించేసరికి ఈ వాయిద్యం అసలు ఎక్కడిది, దాన్ని బయటిదేశాల్లో ఎట్లా వాయిస్తారు అని మొదలుపెట్టి అమెరికా జాజ్ శాక్సోఫోన్ విద్వాంసులు చార్లీ పార్కర్ దాకా, జాన్ కోల్ట్రేన్ దాకా పోయాను. కద్రి గారు 1980లోనే బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికా శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ హ్యాండీతో కలిసి వాయించారన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మ్యాపుతో మొదలుపెడతాను, అందరూ మొదట చేసేది అదే కాబట్టి. 'జాజ్ రికార్డులు' అని కొడితే పది గుర్తులు చూపిస్తుంది. 2014లో పారిస్‌లో ఆ గుర్తులను నమ్మి, రెండు మెట్రోలు మారి, వానలో నడిచి ఒక వీధికి చేరితే అక్కడ కళ్లద్దాల షాపు ఉంది. రికార్డుల షాపు ఎత్తేసి చాలా రోజులైందని పక్కనున్న కాఫీ షాపాయన చెప్పాడు. నాకున్న ఒక్క ఖాళీ పూట అట్లా పోయింది. ఈ వ్యాపారంలో షాపులు మూతపడటం మామూలే. బొంబాయిలో కాలా ఘోడా దగ్గర అంత పేరున్న రిథమ్ హౌసే 2016లో మూసేశారు. షికాగోలో జాజ్ రికార్డ్ మార్ట్ కూడా అదే ఏడాది పోయింది. అందుకే ఇప్పుడు మ్యాపులో గుర్తు కనబడగానే బయలుదేరను. కింద జనం పెట్టిన ఫోటోల్లో చివరిది ఎప్పటిదో చూస్తాను. ఆర్నెల్ల లోపలిది ఉంటే ఆశ ఉంటుంది, లేకపోతే ఫోన్ చేసి కనుక్కున్నాకే కదులుతాను. మ్యాపుకు నేను పదికి నాలుగు మార్కులు ఇస్తాను, అవీ దారి చూపించినందుకు.

టైములు ఇంకో పెద్ద తలనొప్పి. జర్మనీలో ఆదివారం షాపులు తెరవరు, అది చట్టం. అనూగా శనివారం మొదలవుతుంది కాబట్టి షాపులు చూడాలంటే గురువారమో శుక్రవారం పొద్దునో కొలోన్‌లో ఉండాలి. మా మేనేజర్‌ను బతిమాలి ఒక రోజు ముందు టికెట్ వేయించుకుంటాను, ఆ రోజు హోటల్ ఖర్చు నాదే. పారిస్‌లో చిన్న షాపులు చాలావరకు ఆదివారం, సోమవారం మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో కూడా పొద్దున పదకొండుకు ముందు పోతే షట్టరే కనిపిస్తుంది.

డిస్కాగ్స్ నాకు బాగా పనికొచ్చింది, కానీ జనం అనుకునే పద్ధతిలో కాదు. చాలామంది దాన్ని ధర చూసుకోవడానికి వాడతారు. నేను ఊరు పట్టుకోవడానికి వాడతాను. బయలుదేరే ముందు నెలలో నాకు కావలసిన నాలుగైదు ఎల్పీలు, అంటే పెద్ద రికార్డులు, ఆ దేశంలో ఎవరి దగ్గర ఉన్నాయో చూస్తాను. అమ్మేవాళ్లలో కొందరికి సొంత షాపులుంటాయి, చిరునామా వాళ్ల పేజీలోనే రాసి ఉంటుంది. ఈ వారం కూడా సరుకు పెడుతున్నారంటే ఆ షాపు నడుస్తున్నట్టే కదా. పైగా ముందే మెసేజ్ పెడితే ఆ రికార్డు పక్కన తీసి ఉంచుతారు. దీనికి ఎనిమిది మార్కులు.

ఇన్‌స్టాగ్రామ్ షాపులకంటే క్లబ్బులకు నయం. ఈ రాత్రి ఎవరు వాయిస్తున్నారో, టికెట్లు ఉన్నాయో లేదో అందులో తెలుస్తుంది. అంతకు మించి ఏమీ లేదు.

ఇక అసలైనది కౌంటర్ దగ్గరి మనిషి. పన్నెండేళ్లలో నేను నేర్చుకున్నది, ఇప్పటికీ పాటిస్తున్నది ఇదే: పగలు షాపుకు పోవాలి, రాత్రి ఎక్కడికి పోవాలో షాపువాడిని అడగాలి. రికార్డులు అమ్మేవాడికి ఊళ్లో వాయించేవాళ్లందరూ తెలుసు, వాళ్లు కూడా అక్కడే కొంటారు మరి. పారిస్‌లో కాలేజీలుండే వైపు, మోంతాన్య సాంత్ జెనెవియేవ్ వీధిలో క్రొకోజాజ్ అని ఒక చిన్న షాపు ఉంది, మన కిరాణా కొట్టు కంటే పెద్దదేం కాదు, నిలబడి రికార్డులు తిరగేస్తుంటే వెనక మనిషి పోవడానికి దారి ఉండదు. ఆ చుట్టుపక్కల ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. అట్లాంటి ఒక షాపులో పెద్దాయన ఏం కావాలని అడిగితే, ఇద్దరికీ అంతంతమాత్రం ఇంగ్లీషుతోనే, నేను కద్రి గారి పేరు చెప్పాను. ఆయన లోపలికి పోయి అమెరికా జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్ప 2008లో కద్రితో కలిసి చేసిన సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. చిత్తూరువాణ్ని, పారిస్‌లో, ఆ ముఖచిత్రం చూసి నాకు కాసేపు మాట రాలేదు. తర్వాత ఆయన బిల్లు వెనక ఒక క్లబ్బు పేరు, టైము రాసిచ్చాడు.

ఆ క్లబ్బు లోంబార్ వీధిలో. ఇది సియాల్‌కు పోయేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి: ప్రదర్శన జరిగే విల్‌పంత్ నుంచి ఆర్ఈఆర్ బీ రైలెక్కితే మారే పని లేకుండా షాత్‌లే లేజాల్‌లో దిగుతాం, అక్కడి నుంచి ఈ వీధికి నడిచే పోవచ్చు. ఒకే వీధిలో డ్యూక్ దె లోంబార్, సన్‌సెట్ సన్‌సైడ్, బేజే సలే, మూడు జాజ్ క్లబ్బులు పక్కపక్కనే. ఆ రాత్రి శాక్సోఫోన్ వాయించేవాడు, డ్రమ్స్ వాయించేవాడు నాలుగేసి బార్లు (బారు అంటే పాటలో లెక్కపెట్టే ఒక చిన్న కొలత) మార్చి మార్చి వాయించుకుంటుంటే, మన కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకరి తర్వాత ఒకరు అందుకోవడం గుర్తొచ్చింది. బల్ల కింద ఆది తాళం వేసి చూశాను, దాని ఒక్కో ఆవర్తనానికి ఎనిమిది దెబ్బలు. 32 బార్ల పాట, బారుకు నాలుగు దెబ్బలు, సరిగ్గా 16 ఆవర్తనాలకు మళ్లీ మొదటికి వచ్చి పడింది. వాయిస్తూ ఎటు పోయినా పాట ఎత్తుకున్న చోటికి వచ్చి కలుస్తున్నారు. రికార్డులో వందసార్లు విన్నా ఇది నాకు తెలియలేదు, ఎదురుగా కూర్చుంటేనే తెలిసింది.

క్లబ్బుల్లో మందు తాగాలేమోనని మనవాళ్లు కొందరు టెన్షన్ పడతారు. అక్కర్లేదు. ఏదో ఒకటి కొనాలని కొన్నిచోట్ల నియమం ఉంటుంది, జ్యూసో సోడానో చెప్తే సరిపోతుంది. టోక్యో షింజుకులో పిట్ ఇన్ అనే జాజ్ క్లబ్బులో టికెట్‌తోనే ఒక డ్రింకు వస్తుంది, నేను కాఫీ తీసుకున్నాను. అక్కడ మధ్యాహ్నం కూడా కచేరీ ఉంటుంది, రాత్రి విమానం ఉన్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి!

టోక్యో గురించి రాస్తే ఇది తెగదు. ఒచనొమిజులో డిస్క్ యూనియన్ వాళ్లకు జాజ్‌కే ప్రత్యేకమైన షాపు ఉంది. పాత రికార్డు మీద గీత ఎక్కడుందో, కవరు ఎక్కడ మాసిందో చీటీ మీద రాసి అంటిస్తారు, చెప్పిందే ఉంటుంది. జాజ్ కిస్సాలని ఇంకోటి. విదేశీ రికార్డులు కొనలేనంత ఖరీదుగా ఉన్న రోజుల్లో జనం కప్పు కాఫీ డబ్బులతో విని పోవడానికి పెట్టుకున్న కాఫీ షాపులు ఇవి. యొత్సుయాలో 1967 నుంచి ఉన్న ఈగిల్‌లో సాయంత్రం దాకా మాట్లాడకూడదు. నాతో వచ్చిన కుర్రాడు "అన్నా, ఏందన్నా ఎవురూ మాట్లాడరే" అని గుసగుసగా అడిగి, ఒక ఎల్పీ ఒక పక్క అయ్యేసరికి కళ్లు మూసుకుని వింటున్నాడు.

అంత దూరం పోలేనివాళ్లకు బెంగళూరు ఉంది. వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ అని, టికెట్ పెట్టి జాజ్ వినిపించే మంచి హాలు. మనం పలమనేరు, కోలారు మీదుగా పోతాం కాబట్టి హొసకోట దగ్గర ఎడమకు తిరిగితే ఊళ్లో ట్రాఫిక్‌లో పడకుండానే చేరతాం. చెన్నైలో పాత రికార్డులకు సెంట్రల్ దగ్గర లిల్లీ పాండ్ కాంప్లెక్స్ చూడండి. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక అక్కడి అంగళ్లవాళ్లకు ఇచ్చిన చోటు అది. ఎక్కువగా పాత పుస్తకాలే, ఓపిగ్గా వెతకాలి. సినిమా పాటల కట్టల మధ్యలో నాకు రెండుసార్లు ఇండియాలో అచ్చయిన జాజ్ ఎల్పీలు దొరికాయి.

చివరగా, కొన్నవి ఇంటికి తేవడం. పది ఎల్పీలంటే రెండున్నర మూడు కిలోలు, చేతి సంచిలోనే పెట్టుకోండి, నిలువుగా. చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి చిత్తూరుకు కారులో వస్తూ ఒక మార్చి నెలలో దారిలో భోజనానికి ఆగాను. సంచి డిక్కీలో ఉంది, ముప్పావు గంట. టోక్యోలో మూడు రోజులు తిరిగి వెతికి కొన్న రికార్డు ఇంటికొచ్చి పెడితే పళ్లెం అంచులా లేచి ఉంది, సూది నిలవలేదు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పారేయడానికి మనసు రాలేదు. అప్పటినుంచి దారిలో ఎక్కడ ఆగినా సంచి నాతోపాటే హోటల్లోకి వస్తుంది, పక్క కుర్చీలో కూర్చుంటుంది.