రిమోట్ రిపీటర్‌: కరెంటు ఎక్కడిది, పెంచడం ఎట్లా, ఏది మేలు?

కడప ఇళ్లలో గోడ అల్మరా అంటే కడప బండల అరలు, ముందు చెక్క తలుపులు. సెట్‌టాప్ బాక్స్ లోపల పెట్టి తలుపు మూస్తే హాలు నీట్‌గా ఉంటుంది, కానీ రిమోట్ కిరణం బండలోంచీ చెక్కలోంచీ పోదు. అందుకే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిపీటర్: రిమోట్ కిరణాన్ని పట్టుకోవడానికి టీవీ పక్కన ఒక కన్ను, అల్మరాలో చిన్న డబ్బా, ఆ కిరణాన్నే మళ్లీ వదలడానికి బాక్స్ ముందు అతికించే ఎమిటర్. పెద్దవాళ్లు అలవాటైన రిమోటే వాడుకోవచ్చు, అదే నాకు అన్నిటికంటే నచ్చింది.

ఐదు వోల్టుల కిట్‌ను చాలామంది టీవీ వెనక యూఎస్‌బీ పోర్టుకే తగిలిస్తారు. ప్లగ్గు మిగులుతుంది, నిజమే. కానీ చాలా టీవీల్లో టీవీ ఆఫ్ చేయగానే ఆ పోర్టుకూ కరెంటు ఆగుతుంది. ఇక సౌండ్ సిస్టమ్‌లో పాటలు పెట్టుకోవాలన్నా రిపీటర్ పలకదు. ఇంట్లో పడి ఉన్న మంచి ఫోన్ చార్జర్ ఇంతకంటే ఎంతో మేలు. రౌటర్‌కి వాడే మినీ యూపీఎస్ మీద పెట్టమనేవాళ్లూ ఉన్నారు. కరెంటు పోయి టీవీయే ఆగితే రిపీటర్ ఒక్కటీ వెలిగి ఏం లాభం? టీవీ ఇన్వర్టర్ లైన్లో ఉంటే చార్జర్‌నీ అదే లైన్లో పెట్టండి, చాలు.

మిద్దె మీద గదికీ, ఇంకో రెండు బాక్సులకూ రిపీటర్‌ను పెంచాలంటే మాత్రం 12 వోల్టుల డబ్బాకే నా ఓటు. ఎమిటర్‌లో ఉండే ఐఆర్ ఎల్ఈడీ ఒక్కోటి దాదాపు 1.2 నుంచి 1.5 వోల్టులు తింటుంది. 12 వోల్టులుంటే నాలుగైదింటిని వరసగా కలిపినా అన్నిటికీ ఒకే కరెంటు అందుతుంది. ఐదు వోల్టులకు రెండు, మహా అయితే మూడు. అడాప్టర్ వోల్టులు, ప్లస్ మైనస్ చూడకుండా మార్చకండి, డబ్బా కాలిపోవచ్చు.

చవకైన దారి స్ప్లిటర్, అంటే ఒకే అవుట్‌పుట్‌ను రెండు మూడు వైర్లుగా చీల్చేది. దాంతో ఎమిటర్లు పక్కపక్కనే (పారలల్‌గా) కలుస్తాయి, ఉన్న కరెంటునే పంచుకుంటాయి. బాక్స్‌కి అతుక్కుని ఉంటే రెండు పనిచేస్తాయి, మూడు నాలుగైతే ఒకటి పలికి ఒకటి పలకదు. ఒక్కో ఎమిటర్‌కి విడి అవుట్‌పుట్ ఉన్న డబ్బాకు డబ్బు కాస్త ఎక్కువైనా ఆ టెన్షన్ ఉండదు. పొడవైన వైరు కన్ను వైపు ఉంచండి, ఎమిటర్ వైపు వద్దు. కన్ను తీసుకునేది కొద్ది మిల్లీఆంపులే కాబట్టి మిద్దె దాకా లాన్ వైరు లాగినా వోల్టేజీ పెద్దగా పడదు.

ఇక మన ఎండ. రెండు కళ్లు ఒకే డబ్బాకు కలిపినప్పుడు పడమటి కిటికీ దగ్గరి కన్నుకు ఎండ తగిలి అది గోల చేస్తే రెండో గదిలో రిమోట్ కూడా మొండికేస్తుంది. కన్నును నీడలో పెట్టండి.

ఫోన్‌తో నడిపే వైఫై ఐఆర్ బ్లాస్టర్ ఏసీకి బాగుంటుంది, ఏసీ దానికి ఎదురుగా కనబడుతుంది, బయటినుంచే ఆన్ చేయొచ్చు. అల్మరాలోని బాక్సులకు మాత్రం ప్రతిదానికీ ఫోన్ తీయాలి.