ఆరేళ్ల వాడకం తర్వాత: గిట్ ‘ఫాలో’ను స్క్రిప్ట్ చేతికి ఇవ్వకండి

మాస్టారి చేతిలోని కాగితం మీద ఒకే ఒక్క వరుస ఉంది. ఒక తేదీ, నా పేరు, ‘ఫైలు పేరు మార్పు’ అన్న మాటలు. కృష్ణా కాలువల మీద ఆయన మూడేళ్ల పాటు రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన అధ్యాయానికి నేను తీసి ఇచ్చిన చరిత్ర అది. “ఏం బాబూ, నేను రాసిందంతా ఎక్కడికి పోయింది?” అని అడిగారు. ఎక్కడికీ పోలేదు. ప్రతి దిద్దుబాటూ గిట్‌లో, అంటే ఫైళ్ల మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, భద్రంగానే ఉంది. నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్‌కే, అంటే స్క్రిప్ట్‌కే, దాన్ని బయటికి తీయడం చేతకాలేదు. ఆ సాయంత్రం ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పగలను.

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక చిన్న ప్రచురణ సంస్థలో పుస్తకాల కూర్పు నా పని. 2019 నుంచి మా పుస్తకాలన్నీ సాదా టెక్స్ట్ ఫైళ్లుగా, అధ్యాయానికి ఒకటి చొప్పున, గిట్‌లోనే ఉంటున్నాయి. నెలకోసారి ప్రతి అధ్యాయానికీ ఒక పట్టిక అచ్చు తీసి రచయితకు ఇస్తాం: మొదటి ప్రతి ఎప్పుడు చేరింది, ఏ రోజు ఎవరు ఏం మార్చారు. రచయితకూ సంపాదకుడికీ మాట పట్టింపు వచ్చినప్పుడు ఆ పట్టికే సాక్ష్యం. దాన్ని తయారుచేసే స్క్రిప్ట్‌కు ఇన్నాళ్లూ ఆధారం, ఫైలు చరిత్రను చూపించే గిట్ లాగ్ ఆదేశంలోని ‘ఫాలో’ ఆప్షన్. ఫైలు పేరు మారినా పాత పేరును పట్టుకుని వెనక్కి నడిచేది అదే.

మొదట ఎదురైంది తెలుగు పేర్ల చిక్కు. ‘కాలువ’ అని ఫైలుకు పేరు పెడితే గిట్ దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య \340\260\225 అంటూ మొదలుపెట్టి చూపించింది. ఆ మూడు అంకెల గుంపులూ కలిస్తే ఒక్క ‘క’. కంప్యూటర్ లెక్కలో ‘కాలువ’ అంటే ఐదు సంకేతాలు: క, దీర్ఘం, ల, కొమ్ము, వ. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు తెర మీద 4 గుర్తులు. మూడక్షరాల మాట 60 గుర్తుల తోరణమై కూర్చుంటుంది. ‘కోట్‌పాత్’ అనే సెట్టింగును ఆపేస్తే కంటికి తెలుగు కనిపిస్తుంది. స్క్రిప్ట్‌కు మాత్రం ‘జెడ్’ ఆప్షన్ ఇవ్వడమే మేలు. అప్పుడు పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా, మధ్యలో సున్నా బైటుతో విడివిడిగా వస్తాయి. ఇది ఒక పూటలో తేలిపోయిన సంగతి.

మాస్టారి కాగితం కథ వేరు. రచయితలకు పాతది పైన, కొత్తది కింద ఉంటేనే చదవడం తేలిక. అందుకని ‘ఫాలో’కు, వరుసను తిరగేసే ‘రివర్స్’ ఆప్షన్‌ను జోడించాను. తప్పు అక్కడే జరిగింది. ‘ఫాలో’ చేతిలో ఎప్పుడూ ఒకే పేరు ఉంటుంది. మామూలుగా అది కొత్త కమిట్ (గిట్‌లో ఒకసారి భద్రపరిచిన మార్పుల కట్ట) నుంచి పాతవాటి వైపు నడుస్తూ, పేరు మారిన చోట చేతిలోని కొత్త పేరు వదిలి పాత పేరు పట్టుకుంటుంది. ‘రివర్స్’ పెడితే అన్నిటికన్నా పాత కమిట్ దగ్గర బయలుదేరుతుంది, కానీ చేతిలో ఉన్నది మాత్రం ఇప్పటి పేరు. ఆ పేరు పాత కమిట్లలో ఎక్కడా లేదు కాబట్టి అన్నిటినీ దాటేస్తుంది. పేరు మారిన కమిట్ దగ్గర ఆగి, దాన్ని చూపించి, అలవాటు ప్రకారం పాత పేరు పట్టుకుంటుంది. అక్కడి నుంచి ముందుకు ఆ పాత పేరును ముట్టుకున్న కమిట్ ఒక్కటీ ఉండదు. చివరికి మిగిలేది పేరు మారిన ఆ ఒక్క వరుస. దారి సులువే: ‘రివర్స్’ తీసేసి, వచ్చిన ఫలితాన్ని, వరుసలను తిరగేసే ‘ట్యాక్’ ఆదేశంతో తలకిందులు చేయడం. మర్నాడు మాస్టారి ఇంటికి నలభై పైచిలుకు వరుసలతో కొత్త కాగితం పట్టుకెళ్లాను. పొరపాటు సందేశం ఏదైనా కనిపించి ఉంటే మొదటి రోజే పట్టుకునేవాణ్ణి. ఏ హెచ్చరికా లేకుండా సగం నిజం చేతికివ్వడమే ఈ ఆప్షన్ మీద నాకున్న అసలు ఫిర్యాదు. మొదటి కొన్ని కమిట్లను వదిలేయమని చెప్పే ‘స్కిప్’ ఆప్షన్‌దీ ఇదే వరస. మన ఫైలుతో సంబంధం లేని కమిట్లను కూడా లెక్కలో కలుపుకుని దాటేస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. మా సహచరుడి ఇల్లు సింగ్ నగర్‌లో. ఆయన కంప్యూటర్ నీళ్లలో మునిగిపోయింది. కుటుంబంతో గుంటూరులోని బావమరిది ఇంటికి చేరి, లాప్‌టాప్‌లో మా గిట్ ప్రతిని దించుకుని అదే వారం పనిలో పడ్డారు. 2019 నాటి మొదటి కమిట్‌తో సహా చరిత్రంతా ఆయన దగ్గరికి చేరింది. గిట్‌కు నేను జీవితాంతం రుణపడి ఉండేది ఈ ఒక్క గుణానికి.

అయితే ఆ నెలరోజులూ పని రెండు పాయలుగా సాగింది. ఆయన గుంటూరులో ‘ఆనకట్ట’ అధ్యాయాన్ని 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ దాకా పెంచి, ఫైలు పేరును ‘బ్యారేజీ’గా మార్చారు. నేను ఇక్కడ పాత పేరు మీదే దిద్దుతూ ఉన్నాను. రెంటినీ మెర్జ్ చేస్తే గిట్ చక్కగా కలిపింది, ఒక్క వాక్యం పోలేదు. పట్టిక తీస్తే మాత్రం పేరు మారిన తేదీ తర్వాత నేను చేసిన దిద్దుబాట్లు ఒక్కటీ లేవు. లాగ్ రెండు పాయలనూ తేదీల వరుసలో కలిపి నడుస్తుంది. నా కమిట్లు ఎదురైనప్పుడు ‘ఫాలో’ చేతిలో ఉన్నది ‘బ్యారేజీ’ అన్న పేరు. నా ఫైలేమో ‘ఆనకట్ట’. పలకరించకుండా వెళ్లిపోయింది. చీలి కలిసిన చరిత్రలో ఇది సరిగా పనిచేయదని గిట్ సొంత సహాయ పత్రాల్లోనే రాసి ఉంది. ఆ వాక్యాన్ని నేను చదివింది నెల ఆలస్యంగా.

మూలం ఎక్కడుందంటే, గిట్ పేరు మార్పును అసలు నమోదు చేయదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టినప్పుడే ఆ దారి ఎంచుకున్నారు. దాచేది ఏ కమిట్‌కు ఆ కమిట్ నాటికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో చూపే పూర్తి చిత్రాన్ని. రెండు చిత్రాలను పోల్చి, మాయమైన ఫైలూ కొత్తగా వచ్చిన ఫైలూ సగానికి సగం పోలి ఉంటే పేరు మారిందని ఊహిస్తుంది. గిట్ లాంటి పనే చేసే సబ్‌వెర్షన్, మెర్క్యూరియల్ ఈ సంగతి రాసి పెట్టుకుంటాయి. ఊహ అన్నాక తప్పుతుంది కూడా. మా అధ్యాయాలన్నీ ఒకే మూసతో మొదలవుతాయి: శీర్షిక, హక్కుల పుట, అధోజ్ఞాపికల అమరిక. అప్పుడే పుట్టిన చిన్న అధ్యాయం పక్క అధ్యాయాన్ని సగానికి పైగా పోలి ఉంటుంది. ‘ఫాలో’ అయితే మాయం కాని ఫైళ్లతో కూడా పోల్చి చూస్తుంది. అలా ఒకసారి వేరే రచయిత్రి దిద్దుబాట్లు మాస్టారి పట్టికలోకి వచ్చి చేరాయి. పోలిక హద్దును 50 శాతం నుంచి 90కి పెంచాక ఆ బెడద పోయింది.

ఇప్పుడు ‘ఫాలో’ను స్క్రిప్ట్‌లోంచి పూర్తిగా తీసేశాను. గిట్‌లోనే ఉన్న ‘రెవ్-లిస్ట్’ ఆదేశంతో కమిట్లనూ, ఒక్కోదానికి ముందున్న కమిట్లనూ తీసుకుంటాను. ప్రతి కమిట్‌నూ దాని ముందున్నదానితో ‘డిఫ్-ట్రీ’ ఆదేశం ద్వారా పోలుస్తాను. ఫైలు పేరును మొత్తానికి ఒకటిగా కాకుండా కమిట్‌కు ఒకటిగా రాసి ఉంచుతాను. మెర్జ్ దగ్గర దారి రెండుగా చీలితే, గుంటూరు వైపు ‘బ్యారేజీ’, విజయవాడ వైపు ‘ఆనకట్ట’ నడుస్తాయి. రెండూ చీలిక మొదలైన చోట ఒకే పేరుతో కలుస్తాయి. పైథాన్‌లో అరవై వరుసల పని. మా ప్రతికి రెండు నిమిషాలు పడుతుంది, ‘ఫాలో’ అయితే క్షణంలో ముగించేది. రెండు నిమిషాలు నాకు భారం కాదు.

దీంతో పాటు ఆఫీసులో ఒక నియమం పెట్టాం. పేరు మార్చే కమిట్‌లో లోపలి పాఠాన్ని ఒక్క అక్షరం కూడా ముట్టుకోకూడదు. అప్పుడు పోలిక 100 శాతం, గిట్ ఊహించాల్సిన పనే ఉండదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటి రోజే ఇది చెబుతున్నాను.

కంటితో చూసుకోవడానికి ‘ఫాలో’ ఇప్పటికీ రోజూ వాడతాను. ఒక ఫైలు, చీలికలు లేని చరిత్ర, తెర ముందు మనిషి ఉంటే అంత హాయైనది మరొకటి లేదు. పొరపాటు చేస్తే మనకు అనుమానం వస్తుంది. స్క్రిప్ట్‌కు అనుమానం రాదు, వచ్చిన ఒక్క వరుసనూ నమ్మి అచ్చు వేసేస్తుంది.

నా స్క్రిప్ట్‌కూ అందనిది ఒకటి మిగిలింది. ఒక అధ్యాయాన్ని రెండుగా విడగొట్టినప్పుడు చిన్న ముక్క దేన్నీ తగినంత పోలి ఉండదు, దాని చరిత్ర ఆ రోజే మొదలైనట్టు వస్తుంది. అలాంటి చోట కమిట్ సందేశంలో ‘ఇది ఫలానా అధ్యాయం నుంచి వచ్చింది’ అని చేత్తో రాస్తున్నాం. మాస్టారి పట్టికలో అలాంటి వరుసలు ఇప్పటికి మూడు ఉన్నాయి. వాటి కింద ఆయన పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసుకున్నారు.