‘గే అలవాటు మాన్పిస్తాం’ అనేవాళ్లకు పైసలు కట్టకండి: నల్లగొండ, పాలమూరు వాళ్లకు హెచ్చరిక

బస్టాండు దగ్గరి లాడ్జీలో నెలకో ఆదివారం క్యాంపు పెట్టే గుప్తరోగాల వైద్యులు, వాట్సాప్‌లో కౌన్సెలింగ్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు ‘పిల్లల గే అలవాటు మాన్పించే కోర్సు’ అంటే నమ్మకండి. మిర్యాలగూడలో కట్టినా నారాయణపేటలో కట్టినా అది మునిగిన సొమ్మే. పైసలతో పోతే సరే, పిల్లల ఒంటి మీదికొస్తుంది.

గే కావడం, అంటే మగవాళ్లకు మగవాళ్ల మీద, ఆడవాళ్లకు ఆడవాళ్ల మీద మనసు పోవడం, జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇలా ‘మార్చే వైద్యం’ చేయడం వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకు చెప్పింది. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే అక్కడే లేచి వచ్చేయండి.

వీళ్లు ఎక్కువగా అంటగట్టేది ఇంజక్షన్. మగ హార్మోన్ తక్కువైందని చెప్పి టెస్టోస్టెరాన్ పొడుస్తారు. మనసు ఎవరి మీదికి పోతుందో ఆ హార్మోన్ తేల్చదు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇస్తే ఎముకల కొనల్లో ఎదిగే భాగం ముందే మూసుకుపోయి పొడవు పెరగడం ఆగిపోవచ్చు. బయటి నుంచి వస్తోంది కదా అని వృషణాలు సొంతంగా చేసేది తగ్గించేస్తాయి.

ఇంకొకటి పొట్లం. తెల్ల కవరు మీద పెన్నుతో ‘పొద్దున 1, రాత్రి 2’ అని తప్ప మందు పేరుండదు. భస్మమైతే సీసం, పాదరసం ఉండొచ్చు. మాత్రలైతే ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందు కావచ్చు. వారంలో పిల్లవాడు మాటలు తగ్గించి మూలన పడుకుంటాడు. ‘చూశారా, గుణం కనిపిస్తోంది’ అని రెండో వాయిదా అడుగుతారు. అది గుణం కాదు, మత్తు. కరెంటు షాక్ పెడతామంటే అసలే ఒప్పుకోకండి. 18 ఏళ్ల లోపు వాళ్లకు నిజంగా అవసరమైనా, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ముందస్తు అనుమతి కావాలి.

ఆడపిల్లకైతే పెళ్లి చేసేస్తే సర్దుకుంటుందని సలహా ఇస్తారు. దానికి ఫీజు ఉండదు గానీ ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ.

వైద్యం నిజంగా కావాల్సింది డిప్రెషన్‌కు. అది గే కావడం వల్ల వచ్చేది కాదు. దాచుకోవడం, కాలేజీలో వేళాకోళం, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయం ఏళ్ల తరబడి మోస్తే వస్తుంది. రెండు వారాలకు పైగా దిగులు, తిండి నిద్ర తప్పడం, ఇష్టమైన ఆట కూడా చేదుగా అనిపించడం ఉంటే నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ దవాఖానలో సైకియాట్రీ (మానసిక వైద్యం) ఓపీకి వెళ్లండి. ‘దీన్ని మార్చొచ్చా సార్?’ అని ముందే అడగండి. మార్చొచ్చు అన్న డాక్టరును వదిలేసి ఇంకొకరిని చూసుకోండి. ఫ్లూయాక్సెటిన్ లాంటి మందు రాస్తే పూర్తి గుణానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో చావు ఆలోచనలు పెరగొచ్చు, కనిపెట్టుకుని ఉండండి. పత్తి మందు డబ్బాలు, ఇంట్లోని మాత్రలు తాళం వేసి పెట్టండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో చెప్పలేని పిల్లలు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు చేయొచ్చు, తెలుగులో, రాత్రీపగలూ, ఉచితంగా.

ఇప్పటికే కట్టేసి ఉంటే చీటీ, కవరు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచుకోండి. డాక్టరైతే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి, డబ్బుల కోసం వినియోగదారుల నంబరు 1915 ఉంది. కోపంలో మాత్రలు చెత్తకుండీలో మాత్రం పడేయకండి. కొన్ని వారాలు వాడిన మత్తుమందు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఆ పొట్లం అలాగే ఓపీలో చూపించి, ఎలా తగ్గించాలో అడగండి.