సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్, లండన్: ఈస్టర్ ఆరాధన
ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనే ఉన్న ఈ ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘానికి చెందిన) చర్చి 1726లో పూర్తయింది, నేను వారం వారం వెళ్తా కానీ ఈస్టర్ రోజు మాత్రం వేరే లెవెల్ అండీ. పెద్ద కొవ్వొత్తి మీద ఆ సంవత్సరం అంకెలు, గ్రీకు మొదటి, చివరి అక్షరాలైన ఆల్ఫా ఒమేగా, యేసయ్య ఐదు గాయాలకి గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు, దగ్గరికెళ్లి చూస్తే కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో పలకని హల్లెలూయ ఒక్కసారిగా చర్చంతా పలికితే ఒళ్లు పులకరించింది! మా ఊళ్లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం తెల్లారకముందే సమాధుల తోటకెళ్లి పాడుకునేది గుర్తొచ్చింది, ఆ సీఎస్ఐ కూడా 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి ఏర్పడిందే కదా, అందుకే ఆరాధన క్రమం కొత్తగా అనిపించలా. చైనీస్ సంఘం కూడా ఇక్కడే కూడుకుంటుంది. చర్చి కింద క్రిప్ట్‌లో, అంటే నేలమాళిగలో, కెఫే ఉంది, టీ తాగుతుంటే పక్కన కూర్చున్న పెద్దావిడ మా అమ్మ గురించి అడిగి తెలుసుకుంది. ఈస్టర్‌కి వెళ్తే మాత్రం కాస్త ముందే వెళ్లండి.