షటాక్వా, లిలీ డేల్: ఒకే కౌంటీలో రెండు సరస్సు ఒడ్డు విడిదులు

న్యూయార్క్ రాష్ట్రపు పశ్చిమ కొసన ఉన్న షటాక్వా కౌంటీలో ఐదేళ్ల తేడాతో రెండు వేసవి విడిది గ్రామాలు వెలిశాయి. 1874లో పారిశ్రామికవేత్త లూయిస్ మిల్లర్, మెథడిస్టు క్రైస్తవ శాఖకు చెందిన బోధకుడు జాన్ హేల్ విన్సెంట్ కలిసి షటాక్వా సరస్సు ఒడ్డున చర్చిల్లో మతబోధ చేసే ఆదివారపు బడి ఉపాధ్యాయులకు శిక్షణ శిబిరం ప్రారంభించగా, అది క్రమంగా సాహిత్యం, శాస్త్రం, సంగీతం బోధించే తొమ్మిది వారాల వేసవి విద్యాకేంద్రంగా విస్తరించింది. కళాశాల గడప తొక్కలేని సామాన్యులు, ముఖ్యంగా స్త్రీలు, ఇంటి దగ్గరే క్రమపద్ధతిలో చదువుకునేందుకు 1878లో నెలకొల్పిన పఠన మండలి, నా దృష్టిలో, ఆ ఊరి అసలైన ఘనత. యుద్ధాన్ని ద్వేషిస్తున్నానని 1936లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రకటించినదీ, 2022లో రచయిత సల్మాన్ రష్దీపై దాడి జరిగినదీ ఇక్కడే.

కసడాగా సరస్సుల తీరాన 1879లో ఏర్పడిన లిలీ డేల్ స్వభావం వేరు. అది మృతుల ఆత్మలతో సంభాషించవచ్చని నమ్మేవారి ఊరు. నేల ఆ ఊరిని నడిపే సంస్థది, ఇళ్లు మాత్రమే నివాసులవి. ఆ విశ్వాసంలో సభ్యత్వం లేనివారు అక్కడ ఇల్లు కొనలేరు. ఆత్మల మాట వినిపిస్తామనేవారు ముందుగా సంస్థ పెట్టే పరీక్షలో నెగ్గాలి. ఆ నమ్మకాన్ని నేను అంగీకరించలేను. అయినప్పటికీ, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీకి వేదిక ఇచ్చిన ఆ గ్రామాన్ని గౌరవించకుండా ఉండలేను.

వారం రోజుల తీరిక, ప్రవేశ రుసుము భరించే స్తోమత ఉన్నవారు షటాక్వాను ఎంచుకోవాలి. ఒక్క మధ్యాహ్నమే చేతిలో ఉంటే లిలీ డేల్ చాలు.